నెల్లూరు తీరమున దారి తెలిపిన పరికరములు

మోటారు సైకిలుపై సముద్రతీరము వెంట తిరుగుటకును, కొండలెక్కుటకును పనికివచ్చు చేతి జి.పి.యస్. పరికరము ఏది కొనవలెనని ఈ కాలపు యువకులు తరచుగా అడుగుచుందురు. అంగడిలో దొరకు పరికరముల పేర్లను, వెలలను వరుసగా చదివి వినిపించుట సులభమే. కాని ఆ పేర్లు ఏటేట మారునవి. మారని సంగతి ఒకటి కలదు. ఏ పరికరమైనను మనకు చెప్పునది కొన్ని అంకెలు మాత్రమే. ఆ అంకెలను పటముపై సరియైన చోట నిలుపుట మన పని. పరికరమునకును పటమునకును పొత్తు కుదరనిచో, రెండును నిర్దుష్టములే అయినను మనుష్యుడు దారి తప్పును. నెల్లూరు తీరపు చరిత్ర ఈ సంగతిని ఒకసారి కాదు, పలుమారులు ఋజువు చేసినది. అందుచేత అంగడికి పోవుటకు ముందు ఆ చరిత్రను కొంచెము తిరుగవేయుట మేలు.

ఈ తీరమును సముద్రముపైనుండి చూచినవారికి తెలియును: ఇది గుర్తులు లేని తీరము. విశాఖపట్టణమునందువలె ఇచ్చట కొండలు సముద్రములోనికి చొచ్చుకొని రాలేదు. వెలికొండలు పడమట చాల దూరమున నిలిచిపోయినవి. కనులకు కానవచ్చునది ఇసుక, సరుగుడు తోటలు, తాటిచెట్లు. మరల ఇసుక, మరల తాటిచెట్లు. పెన్నానది, స్వర్ణముఖి సముద్రమున కలియు మొగలు ఏటి వరదనుబట్టి చోటు మారుచుండును. దక్షిణమున పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి సన్నని కదురువలె పరుండి యున్నది. ఇట్టి తీరమున “నేనెక్కడ ఉన్నాను?” అను ప్రశ్న విలాసమునకు పుట్టినది కాదు.

ఆ ప్రశ్నకు సమాధానము దొరకని నావికులకు ఏమి జరుగుచుండెనో తెలుపు శాసనము ఒకటి ఈ తీరమునకు ఉత్తరమున, చినగంజాము సమీపమునందలి మోటుపల్లిలో ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనమది. గాలివానకు చిక్కి, దారి తప్పి, తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు పూర్వపు రాజులు లాగికొనుచుండిరట. ఆ ఆచారమును గణపతిదేవుడు మాన్పించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొనమని వర్తకులకు మాట ఇచ్చెను. దారి తప్పుటయే ఒక నేరమువలె శిక్షింపబడిన కాలమది. ప్రాణములు దక్కినను ధనము దక్కెడిది కాదు.

మరి ఆనాటి నావికునకు ఉన్న సాధనములేవి? తీరము కనబడునంతవరకు పట్టపువారు నేటికిని వాడుకొను ఉపాయమొకటి కలదు. ఒడ్డుననున్న ఒక పొడవైన తాటిచెట్టు, దాని వెనుక దూరముననున్న ఒక గుడి గోపురము ఒకే వరుసలోనికి వచ్చునట్లు పడవను నడుపుదురు. ఇదొక గీత. వేరొక దిక్కున మరి రెండు గుర్తులు కలిసినప్పుడు రెండవ గీత. రెండు గీతలు కలియుచోట చేపలుండు బండయో, మునిగిన ఓడయో ఉండును. కాగితము లేదు, అంకె లేదు. తండ్రి కొడుకునకు చెప్పును, పరులకు చెప్పడు. తీరము కనుమరుగైన పిమ్మట నక్షత్రములు: పిల్లలకోడి, సప్తర్షులు, వేగుచుక్క, అన్నిటికంటె ముఖ్యముగా ధ్రువుడు. నెల్లూరు అక్షాంశమున ధ్రువుడు క్షితిజమునకు సుమారు 14 అంశల ఎత్తున కానవచ్చును. చాచిన చేతి పిడికిలి 10 అంశలు కప్పునని అందురు. దానిపై మరి రెండు మూడు వేళ్ళు చేర్చిన మన తీరము. మచిలీపట్టణమునకు పోయిన మరియొక వ్రేలు ఎత్తు, మద్రాసునకు దిగిన కొంచెము తగ్గు. అరబ్బు నావికులు ఈ కొలతకే ముడులు వేసిన త్రాటితో ఒక చిన్న చెక్కపలకను వాడెడివారు. దానిని కమాల్ అందురు. చేతిలో ఇముడు పరికరమన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదని దీనివలన తేటపడును.

ధ్రువుని ఎత్తు ఉత్తర దక్షిణములనే తెలుపును గాని తూర్పు పడమరలను తెలుపదు. అయినను ఈ తీరము ఇంచుమించు ఉత్తర దక్షిణముగా సాగుచున్నది గావున పడమట నేల కనబడినప్పుడు రెండవ కొలతయు తానే దొరకెడిది. చిక్కంతయు ఆ నడుమ కొన్ని మైళ్ళలోనే ఉన్నది. నేల కనబడుటకు ముందే నీటిక్రింద ఇసుకమేట తగిలినచో?

ఇట్టి ఇసుకమేటయే ఒకటి దుర్గరాజపట్టణమునకు ఎదురుగా, తీరమునకు సమాంతరముగా ఉన్నది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626 ప్రాంతమున ఇచ్చట ఒక వర్తకశాల నెలకొల్పి ఫిరంగులతో కాపుదల ఏర్పరచుకొనిరి. వారికి సాయపడిన ఆర్ముగ ముదలియారు పేరుమీదుగా దానిని ఆర్మగాన్ అనిరని స్థానికచరిత్రలు చెప్పును. ఇచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించుటయు, 1640లో కంపెనీవారు అచ్చటికి తరలిపోవుటయు చరిత్ర పాఠములలో అందరును చదివినదే. వారు పోయినను ఇసుకమేట పోలేదు. ఆర్మగాన్ మేట అన్న పేరుతో అది నావికుల పటములకెక్కినది. దీనియందొక చమత్కారమున్నది. మేట వెలుపలినుండి వచ్చు ఓడకు అది మృత్యువు. మేటకును ఒడ్డునకును నడుమ చేరిన ఓడకు అదే అలలనడ్డు గోడ. బ్లాక్‌వుడ్ రేవు అని ఆ లోపలి నీటికి పేరు. తానెక్కడ నున్నదో సరిగా ఎరిగిన నావికునకు రక్షణయైనదే ఎరుగనివానికి ప్రమాదమైనది.

ఆ మేట కొరకే ఆర్మగాన్ దీపస్తంభము వెలసినది. దీపస్తంభమనగా వట్టి వెలుతురు కాదు. ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క మెరుపు లెక్క ఉండును: ఇన్ని సెకండ్లకు ఇన్ని మెరుపులని. నావికుడు గడియారము చేతబట్టి లెక్కించి, తనయొద్దనున్న దీపముల పట్టికలో ఆ లెక్క ఏ దీపమునకు చెందినదో వెదకవలెను. పట్టిక పాతదైనచో, లెక్క మారియున్నచో, దీపము ఎంత ప్రకాశించినను ఫలము లేదు. పరికరమునకును పటమునకును పొత్తు అని మొదట చెప్పినది ఇదియే.

ఇక భూమిపైకి వత్తము. కోరమాండలు తీరమును శాస్త్రీయముగా కొలిచినవారిలో మైకేల్ టాపింగ్ ముందువాడు. మద్రాసు ప్రభుత్వపు నౌకా సర్వేయరుగా పనిచేసి, 1792లో నుంగంబాకమున నెలకొన్న మద్రాసు వేధశాలకును, 1794లో ఏర్పడిన సర్వే పాఠశాలకును ఆద్యుడై, 1796లో మచిలీపట్టణమున చనిపోయెను. ఆ పాఠశాలయే పెరిగి పెరిగి నేటి గిండీ ఇంజనీరింగు కళాశాల అయినది. వేధశాల వట్టి నక్షత్రముల వేడుక కొరకు కట్టినది కాదు. ఓడలకు తూర్పు పడమరల లెక్క, అనగా రేఖాంశము, కావలెను. రేఖాంశమన్నను కాలమన్నను ఒకటియే: భూమి 4 నిమిషములలో ఒక అంశ తిరుగును. కావున ఇచ్చటి కాలమునకును గ్రీన్విచ్ కాలమునకును భేదము తెలిసినచో రేఖాంశము తెలిసినట్లే.

1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ కొండయొద్ద నూరు అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ళ మూలరేఖను కొలుచుట ప్రారంభించెను. మహా త్రికోణమితి సర్వే అని ప్రసిద్ధి కెక్కిన కార్యమునకు మొదటి అడుగు అదియే. ఆయన వాడిన థియొడొలైటు యంత్రము బరువు అర టన్ను. దానిని ఇంగ్లండునుండి తెచ్చుచున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషసునకు కొనిపోయి, పెట్టెలు విప్పి, శాస్త్రపరికరమని గ్రహించి మర్యాదతో తిరిగి పంపిరి. యుద్ధకాలమున ఇట్టి సౌజన్యము అరుదు. కొండలు లేని మైదానములలో లాంబ్టన్ గుడి గోపురములపైకి ఆ యంత్రమును ఎక్కించెడివాడు. 1808లో తంజావూరు పెద్ద గుడిపైకి చేదుచుండగా త్రాడు తెగి అది గోడకు తగిలి వంకరపోయినది. లాంబ్టన్ గుడారములో కూర్చుండి కొన్ని వారములపాటు ఒక్కొక్క భాగమును చక్కదిద్ది దానిని మరల పనిలోనికి తెచ్చెను. తన పరికరమును తానే విప్పి బాగుచేసికొనగల పథికులు నేడెందరున్నారు? ఈ మాట ముందు ముందు అక్కరకు వచ్చును.

ఇంత శ్రద్ధతో చేసిన సర్వే పటములలోను ఒక పెద్ద పొరపాటు నిలిచిపోయినది. పటములన్నిటికిని రేఖాంశపు మూలము మద్రాసు వేధశాల. ఆ వేధశాల రేఖాంశమును మొదట గ్రహతారల పరిశీలనచే నిర్ణయించిరి. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున తంతివార్తల సాయముతో గ్రీన్విచ్ కాలముతో సరిచూచినప్పుడు ఆ అంకె సుమారు రెండున్నర నిమిషములు ఎక్కువగా ఉన్నదని తేలెను. కాలములో చెప్పవలెనన్న ఇది పది సెకండ్ల పొరపాటు. నెల్లూరు అక్షాంశమున నేలపై నాలుగు కిలోమీటర్లకు పైమాట. పటములోని నెల్లూరు, గూడూరు, ఆత్మకూరు అన్నియు ఒకదానికొకటి సరియైన దూరముననే ఉన్నవి. అన్నియు కలిసి నాలుగు కిలోమీటర్లు తూర్పునకు జరిగియున్నవి. పటము చూచి నడచువానికి ఇది తెలియదు, తెలియవలసిన పనియు లేదు. కాని స్వతంత్రముగా గడియారముతో రేఖాంశము కట్టికొను ఓడ కప్తానునకు ఆ పటముననుసరించి తీరము ఉండవలసినచోట ఉండదు.

రెండవ చిక్కు భూమి ఆకారమునుగూర్చినది. భూమి సరియైన బంతి కాదు. ధ్రువములయొద్ద కొంచెము నొక్కుకొని యున్నది. ఆ నొక్కు ఎంతయని ఎంచుకొనుటనుబట్టి పటముపై ప్రతి అంకెయు మారును. లాంబ్టన్ అనంతరము సర్వేను నడిపిన జార్జి ఎవరెస్టు 1830లో కట్టిన లెక్కకు ఎవరెస్టు భూమానమని పేరు. అది భారతదేశమునకు బాగుగా అమరినది. ఉపగ్రహములు భూమి అంతటికిని ఒకే లెక్కను వాడును, దానిని డబ్ల్యు.జి.యస్. 84 అందురు. ఈ రెండు లెక్కలకు నడుమ ఒకే స్థలపు అంకెలు మన ప్రాంతమున నూరు మీటర్లను మించి భేదించును. 2005 నాటి జాతీయ పటవిధానము వలన సర్వే ఆఫ్ ఇండియా వారి పటములు రెండు తెగలైనవి: రక్షణశాఖ కొరకు ఎవరెస్టు లెక్కపైనివి, ప్రజల కొరకు డబ్ల్యు.జి.యస్. 84 లెక్కపైనివి. పాత పటములు మాత్రము ఇండ్లలోను, గ్రంథాలయములలోను, కార్యాలయముల గోడలపైనను ఎవరెస్టు లెక్కతోడనే ఉన్నవి.

ఇప్పుడు ఉపగ్రహముల మాట. అమెరికా సైన్యము తన అవసరమునకై ఏర్పరచిన జి.పి.యస్. మొదటి ఉపగ్రహము 1978లో ఎగసెను. 1983 సెప్టెంబరు 1న దక్షిణ కొరియా ప్రయాణికుల విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలములోనికి పోగా, దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. ఆ వెనుకనే ఈ సంకేతములను పౌరులకును ఉచితముగా ఇత్తుమని అధ్యక్షుడు రీగన్ ప్రకటించెను. మోటుపల్లి శాసనము వెనుకను ఈ ప్రకటన వెనుకను దారి తప్పినవాని దురవస్థయే ఉన్నది. పౌరులకు అమ్మిన మొదటి చేతి పరికరము 1989 నాటి మాజెలాన్. అరకిలోకు పైబడిన బరువు, మూడువేల డాలర్ల వెల. 1995 నాటికి 24 ఉపగ్రహముల ఏర్పాటు సంపూర్ణమాయెను. పౌరుల సంకేతములో బుద్ధిపూర్వకముగా కలిపిన నూరు మీటర్ల తప్పును 2000 మే నెలలో తొలగించిరి. ఆ రాత్రి గడచుసరికి లోకములోని పరికరములన్నియు, ఎవ్వరును తాకకుండగనే, పదింతలు మంచివైనవి. గార్మిన్ వారి ఈట్రెక్స్ వంటి అరచేతి పరికరములు బయలువెడలిన కాలమును అదియే.

దీని పనితీరు విచిత్రమేమియు కాదు. ఇరువదివేల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ప్రతి ఉపగ్రహమునందును పరమాణు గడియారము ఉండును. అది “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు కాలమింత” అని సదా చెప్పుచుండును. ఆ మాట మనలను చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల మాట వినబడినచో అక్షాంశము, రేఖాంశము, ఎత్తు, కాలము నాలుగును తేలును. కాంతి సెకండులో పదిలక్షవ వంతున 300 మీటర్లు పోవును గావున గడియారము తప్పినచో అంతయు తప్పును. మద్రాసు వేధశాలలో పది సెకండ్లకు నాలుగు కిలోమీటర్లు; ఇచ్చట సెకండులో పదిలక్షవ వంతునకే మూడువందల మీటర్లు. శాస్త్రము మారినది గాని చిక్కు ఆ గడియారముననే ఉన్నది.

ఈ గడియారముల కథ మరల మన తీరమునకే వచ్చి చేరినది. శ్రీహరికోటను రాకెట్టు కేంద్రమునకై 1969లో ఎన్నుకొనిరి. ఆ దీవిలో తరతరములుగా నివసించిన యానాదుల బ్రదుకు దానితో మారిపోయెను. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అచ్చటినుండి ఎగసెను. 2022లో జిల్లాల పునర్విభజనతో ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరినది గాని నెల్లూరివారికి అది తమదియే. 2013 జులై 1న భారతదేశపు సొంత దారిచూపు ఉపగ్రహములలో మొదటిది ఇచ్చటినుండియే పోయెను. 2016 ఏప్రిల్ నాటికి ఏడు చేరినవి; ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టిరి. వెనువెంటనే మొదటి ఉపగ్రహములోని మూడు గడియారములును నిలిచిపోయినవి. దానికి బదులుగా 2017 ఆగస్టు 31న పంపినది ఉష్ణకవచము విడివడక వృథా అయ్యెను. 2018 ఏప్రిల్ 12న మరియొకటి పోయి చేరెను. 2023 మే 29న పంపిన ఎన్.వి.ఎస్. 01లో స్వదేశమున చేసిన రుబిడియం గడియారమును అమర్చిరి. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరవ ప్రయోగముగా ఎన్.వి.ఎస్. 02 ఎగసినది. రాకెట్టు తన పని చేసినది. ఉపగ్రహములోని కవాటమొకటి తెరచుకొనక అది తగిన కక్ష్యకు చేరలేదు.

ఇందులో కొనుగోలుదారుడు గమనింపవలసినది వేరొకటి ఉన్నది. నావిక్ మొదటి ఉపగ్రహములు ఎల్5, ఎస్ అను తరంగములమీదనే పలికెడివి. అంగడిలోని సామాన్య పరికరములు ఎల్1 తరంగమును మాత్రమే వినెడివి. ఒకరు పలుకు భాష వేరొకరికి రాదు. సూళ్ళూరుపేటలో నిలుచుండి రాకెట్టు మంటను కన్నులార చూచిన యువకుని చేతిలోని పరికరమునకు ఆ రాకెట్టు మోసికొనిపోయిన ఉపగ్రహము వినరాలేదు! ఎన్.వి.ఎస్. వరుసలో ఎల్1ను చేర్చినది ఇందుకే. కావున పెట్టెపై నావిక్ అను పేరును చూచి మురియుటకంటె, జి.పి.యస్. తోడ రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో మొదలగువానిని కలిపి వినగలదా, ఎల్1, ఎల్5 రెంటిని వినగలదా అని అడుగుట యుక్తము.

ఇక మొదటి ప్రశ్న. మోటారు సైకిలునకును కొండ నడకకును ఒకే పరికరము కావలెనన్నచో రెండు వేరు శత్రువులను తలచుకొనవలెను. బండిపై శత్రువు అదురుపాటు. కొండపై శత్రువు బ్యాటరీ అయిపోవుట. మోటారు సైకిలు అదురుపాటు ఫోను కెమెరాలకు చెరుపు చేయగలదని ఆపిల్ సంస్థయే 2021లో హెచ్చరించినది. చేతి పరికరము హ్యాండిలు బారుకు గట్టిగా బిగించునదై, బండినుండి విద్యుత్తు గైకొనగలదై, ఎండలో తెర కనబడునదై ఉండవలెను. మైపాడు దారిలో పట్టపగటి వెలుతురున అద్దమువలె మెరయు తెర ఎవ్వరికి ప్రయోజనము? తాకు తెరకంటె మీటలు నయము; చేతులకు చెమటయో, ఉప్పునీరో, తొడుగో ఉన్నను అవి పలుకును.

నడకకు నా మతము నిర్మొగమాటముగా చెప్పెదను: లోపల బిగించిన బ్యాటరీకంటె ఏ పల్లెటూరి అంగడిలోనైనను దొరకు పెన్సిలు సెల్లులతో నడచు పరికరమే మేలు. లాంబ్టన్ యంత్రమును విప్పి బాగుచేసినట్లు మనము చేయలేము. రెండు సెల్లులు మార్చుటయైనను మన చేతిలో ఉండవలెను. ఉదయగిరి కోట కొండ ఎక్కువారు ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక. శ్రీకృష్ణదేవరాయలు పదునెనిమిది మాసములు ముట్టడించి 1514లో పట్టుకొనిన కొండ అది. నిలువు బండలు, ముండ్లపొదలు. బండ ప్రక్కన నిలిచినప్పుడు ఉపగ్రహ సంకేతము సూటిగా రాక రాతికి తగిలి వచ్చును. దూరము తప్పుగా తేలును. పెంచలకోన చెట్లక్రిందను అంతియే. రెండు తరంగములను వినగల పరికరమునకు ఇచ్చటనే విలువ.

దిక్సూచిని గూర్చి ఒక్క మాట. అయస్కాంతపు దిక్సూచి లేని పరికరము మీరు కదలునప్పుడే దిక్కు చూపును. నిలిచితిరా, దానికి ఏ దిక్కైనను ఒక్కటే. దిక్సూచి ఉన్నది బండి ఇనుముప్రక్కన తప్పు చూపును. గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తు చెప్పు ఏర్పాటు కూడ కొన్నిటిలో ఉండును. కొండపై అది ఉపకారమే. తీరమున దానికి వేరొక ప్రయోజనమున్నది. ఒత్తిడి ఒక హెక్టోపాస్కలు తగ్గినచో అది సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తు పెరిగినట్లు చూపును. మీరు ఇసుకపై కదలక కూర్చుండగా ఎత్తు గంట గంటకు పెరుగుచున్నదన్న, ఎక్కుచున్నది మీరు కాదు, దిగుచున్నది గాలి ఒత్తిడి. 1984లో శ్రీహరికోట చెంతను, 1989లో కావలి చెంతను తీరము దాటిన తుఫానులను ఎరిగినవారికి దీని అర్థము చెప్పనక్కరలేదు. అయినను రేడియో హెచ్చరికకు అది బదులు కాదు. సంచిలో చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఉంచుకొనుడని చెప్పుట మా వృత్తిధర్మము.

తీరపు దారిలో తరచుగా కలుగు మోసము మరియొకటి. పరికరము చూపు దూరము పక్షి పోవు దూరము. 1876–78 కరవుకాలమున కూలీలచే త్రవ్వించి పెంచిన బకింగ్‌హాం కాలువ తీరమునకు సమాంతరముగా సాగుచున్నది. సముద్రము రెండు కిలోమీటర్లే అని తెరపై చూచి పొలముల నడుమ దారిపట్టినవారు కాలువ గట్టున ఆగిపోయి, వంతెన కొరకు మరి పది కిలోమీటర్లు చుట్టి రావలసివచ్చును. కావున వట్టి అంకెలు చూపు పరికరము చాలదు. వంతెనలతో కూడిన పటమును ముందుగానే లోపల నింపుకొనవలెను. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ఉచిత పటము దీనికి చక్కగా పనికివచ్చును. ఫోనులోని జి.పి.యస్. సైతము టవరు లేనిచోట పనిచేయును. పనిచేయనిది దింపుకొనని పటము.

ఉపగ్రహము ద్వారా వార్తలు పంపు పరికరములు విదేశములలో పథికులకు ప్రియమైనవి. మనదేశమున అనుమతి లేకుండ ఇరీడియం, తురయా ఉపగ్రహ పరికరములను దగ్గర ఉంచుకొనుట నేరము. విమానాశ్రయములలో పట్టుబడిన విదేశ యాత్రికుల వార్తలు పత్రికలలో వచ్చినవి. విదేశమునుండి బంధువులు తెచ్చి ఇత్తుమన్నచో ముందు ఈ సంగతి చెప్పుడు.

సముద్రముపై పోవువారికి ఈ అంకెలు జీవనాధారము. 1999లో హైదరాబాదున ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరకు తావులను అక్షాంశ రేఖాంశములతోడను, రేవునుండి దిక్కు, దూరము, లోతులతోడను తెలుపుచున్నది. ప్రయోగము జరుగు దినమున పడవలు పోరాని నీటి హద్దులును అంకెలలోనే వచ్చును. తాటిచెట్టు గీతలు నేర్చిన తండ్రియు, అంకెలు గుర్తుంచుకొను పరికరమును పట్టిన కొడుకును ఒకే పడవలో కూర్చుండుట ఈ తీరమున వింత కాదు. కాని మొగలోని ఇసుక నిన్నటి వరదకు ఎచ్చటికి జరిగినదో ఏ ఉపగ్రహమునకును తెలియదు. అది తండ్రికే తెలియును.

అంకె చెప్పు పద్ధతియు ప్రాణములమీదికి తేగలదు. నెల్లూరు అక్షాంశము 14 అంశల 27 నిమిషములు. దశాంశములలో అది 14.45 అగును. తొందరలో దానిని 14.27 అని ఫోనులో చెప్పినచో వెదకబోవు పడవ ఇరువది కిలోమీటర్లు దక్షిణమునకు పోవును. పరికరము తప్పు చెప్పలేదు. విన్నవాడు తప్పు వినలేదు. ఇంటివారును, పడవవారును, తోడి ప్రయాణికులును ఒకే పద్ధతిని ముందుగా నిశ్చయించుకొని పరికరమును దానికే అమర్చుకొనవలెను.

కొనిన నాడే ఒక పరీక్ష చేయుడు. కృష్ణపట్నము దీపస్తంభము వంటి, పటమున స్పష్టముగా గుర్తించిన స్థలమునకు పోయి, ఆరుబయట పది నిమిషములు నిలిచి, తెరపై అంకెలను మీయొద్దనున్న సర్వే పటముతో సరిచూడుడు. భేదము పది మీటర్లలోపుననైన సంతోషము. నూరు మీటర్లు దాటినచో పరికరమును అంగడికి త్రిప్పి పంపకుడు. అమరికలలో భూమానమను మాట ఎదుట ఏ పేరున్నదో, పటము అడుగున సన్నని అక్షరములలో ఏ పేరున్నదో మొదట చదువుడు.